చెప్పుల గుర్తు

నవంబర్ 24, సోమవారం

"ఈపారి నేను, వచ్చేపారి నువ్వు. మాట తప్పితే నా పేరు రామచంద్రమే కాదు" అన్నాడు. జమ్మికుంట పత్తి మార్కెట్లో, బండి మీద బస్తాల నడుమ పడుకుని, ఒక్క బీడీని ఇద్దరం మార్చుకుని తాగుతూ అన్న మాట. అది ఎనభై ఎనిమిది. సర్పంచ్‌గా నిలబడమని ఊళ్లో నలుగురూ ముందు అడిగింది నన్ను. స్నేహితుడి ముచ్చట కదా అని నేను తప్పుకున్నాను, అతను గెలిచాడు. తొంభై ఐదులో సీటు మహిళలకు పోయింది. అతను తన భార్య జమునను నిలబెట్టాడు. నాకు భార్య లేదా? నాగవ్వ మహిళ కాదా? ఈ మాట అతన్ని అడగలేదు. మాట్లాడటమే మానేశాను. ముప్పై ఏళ్లయింది. అతని పేరు ఇప్పటికీ రామచంద్రమే.

ఆ తర్వాత సీటు ఒక్కోసారి ఒక్కొక్కరికి రిజర్వు అవుతూ వచ్చింది. అది ఎంత న్యాయమో ఊరి గ్రంథాలయంలో ఉపన్యాసమిచ్చింది నేనే. అప్పుడు దాని తాళంచెవి నా దగ్గరే ఉండేది. వినేవాళ్లు తక్కువైనా తలుపు వేసి ఉంచేవాణ్ని, మధ్యలో లేచి పోకుండా.

ఈ రోజు మళ్లీ రిజర్వేషన్లు తేలాయి. మా ఊరు జనరల్. నాకు డెబ్బై.

పంచాయతీ ఆఫీసు గోడ మీద 'గ్రామ సర్పంచులు' అని ఒక బోర్డు ఉంది. ఇన్ని పుస్తకాలు చదివాను కానీ అన్నిటికంటే ఎక్కువసార్లు చదివింది ఆ బోర్డునే. రామచంద్రం పేరు, దాని కింద జమున పేరు. గోడ మీద కూడా సంసారం చేస్తున్నారు. అడుగున ఇంకా కాస్త ఖాళీ ఉంది. నా పేరు పొడుగే అయినా పడుతుంది. కొలిచి చూశాను.

నిలబడతాను.

నవంబర్ 25

నాగవ్వకు చెప్పాను. కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా, "మోకాళ్లు నొస్తున్నయని మొన్నటిదాంక మంచం దిగకపోతివి. గిప్పుడు ఎట్ల నిలవడ్తవు?" అంది.

ప్రపంచంలో ప్రతి గొప్ప నిర్ణయం పక్కనా ఇలాంటి ఒక మనిషి కూర్చుని ఉంటుందని చరిత్ర చదివినవాళ్లకు తెలుసు.

నవంబర్ 28

పోశంతో కలిసి కరీంనగర్ పోయాను. పోశం నాగవ్వ తమ్ముడు. మా ఊరి బస్టాండు దగ్గర చాయ్ హోటల్. రెండేళ్ల కింద ప్రభుత్వం మారిన వారానికి అతని హోటల్ గోడ మీది ఫొటో మారింది. మేకు మాత్రం పాతదే. దించిన ఫొటోను పారేయడు, బియ్యం డబ్బా వెనక దాస్తాడు. ఊళ్లో నాకు తెలిసిన ఏకైక రాజకీయ శాస్త్రజ్ఞుడు.

"పంచాయతీ ఎలక్షన్లకు పార్టీ ఉండదురా" అన్నాను.

"ఉండదు బావా. గందుకే ముందుగాల పోయి కండువా ఏసుకోవాలె."

ముప్పై ఏళ్లుగా ఏ కండువాకూ మెడ వంచలేదని చెప్పుకుని తిరిగినవాణ్ని. నాయకుడి ఇంటి ముందు లైన్లో నిలబడి, పార్టీలకు అతీతంగా గ్రామ స్వరాజ్యం ఎందుకు ఉండాలో మనసులో నాలుగు వాక్యాలు కూర్చుకున్నాను. నా వంతు వచ్చింది. నోరు తెరిచాను. మెడలో కండువా పడింది, ఫొటో తీశారు, "నెక్స్ట్" అన్నారు. స్వరాజ్యం నోట్లోనే ఉండిపోయింది.

బస్సెక్కేలోగా ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చేసింది. కింద 'పార్టీలో చేరిన యువ నాయకులు' అని రాశారు. ఆ ఫొటోలో నా వెనక రామచంద్రం కోడలు అమూల్య. ఆమె మెడలోనూ అదే కండువా.

డిసెంబర్ 3

అమూల్య నామినేషన్ వేసింది. వేసి నేరుగా మా ఇంటికి వచ్చి కాళ్లు మొక్కింది. "పెద్దబాపూ, నన్ను దీవించుర్రి."

అలవాటు చాలా చెడ్డది. "విజయోస్తు" అనేశాను.

లోపల నాగవ్వ గిన్నె కింద పడేసి నవ్వింది.

డిసెంబర్ 5

నామినేషన్ వేశాను. సాయంత్రం పెద్దమనుషులు వచ్చారు. ఏకగ్రీవం చేద్దాం, నువ్వు తప్పుకో, ఉప సర్పంచ్ ఇప్పిస్తాం అన్నారు. తప్పుకోవడం ఎలాగో నాకు తెలుసు, ఒకసారి తప్పుకున్నాను అన్నాను. ఈ వాక్యం బాగా వచ్చింది. చాయ్ తాగి వెళ్లిపోయారు.

డిసెంబర్ 9

గుర్తులు ఇచ్చారు. అమూల్యకు ఉంగరం. నాకు చెప్పులు.

డిసెంబర్ 10

రాత్రంతా నిద్ర పట్టలేదు. ఊరి జనం ముందు నిలబడి 'నా చెప్పులను గుర్తుపెట్టుకోండి' అని ఎలా అనాలి? వినయంగా అంటే అసహ్యంగా ఉంది. గట్టిగా అంటే తన్నేలా ఉంది.

పోశం మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. "ఉంగురం ఎంతమందికుంటది బావా? సెప్పులు లేనోడెవడు?"

ఇది ప్రజాస్వామ్యం గురించి నేను చదివిన చాలా పుస్తకాలకంటే మెరుగ్గా ఉంది.

డిసెంబర్ 12

ఇంటింటికీ తిరిగాం. నా హామీ ఒక్కటే: మూతపడ్డ గ్రంథాలయం తెరిపిస్తాను. ప్రతి ఇంట్లో శ్రద్ధగా విన్నారు. విన్నాక ప్రతి ఇంట్లో అడిగింది ఒకటే ప్రశ్న.

"మరి కోతులు?"

కోతులు మా ఊళ్లో కంది ఉంచవు, మక్క ఉంచవు, పెంకు మీద పెంకు ఉంచవు. అమూల్య గెలిచిన నెలలో కోతులను పట్టించి అడవికి పంపుతానంటోంది. బుచ్చవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని, కోతుల సమస్యకు మూలం అడవులు నరకడమని, అందుకు కారణమైన అభివృద్ధి నమూనాను ముందు అర్థం చేసుకోవాలని చెప్పుకొచ్చాను. చెబుతుండగానే ఒక కోతి వచ్చి నా పక్కనున్న అరటిపండు తీసుకుపోయింది.

"నీ ఉపన్యాసం గదానికి సుత సమజ్ కాలే తాతా" అంది బుచ్చవ్వ. ఆమె నాకంటే ఐదేళ్లు పెద్దది. తాతా అని కావాలనే అంది.

బయటికి వచ్చాక పోశం చేతులు జోడించాడు. "బావా, నీ కాల్మొక్తా, కోతులు పోతయని ఒక్క మాట అను."

అనలేదు. సిద్ధాంతం అంటూ ఒకటి ఉంది. పక్క వాడకట్టులో అన్నాను.

డిసెంబర్ 15

అభ్యర్థులకిచ్చిన నియమాల పుస్తకం మూడోసారి చదివాను. మా మండలంలో దాన్ని మొదటిసారైనా చదివినవాడు ఇంకొకడు ఉండడు. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ఏ అభ్యర్థి గుర్తూ కనిపించకూడదు.

చదువుతుంటే ఒక విషయం మెరిసింది. పోలింగ్ మా ఊరి బడిలో. చదువు చెప్పే చోటని మా వాళ్లు బడి మెట్ల దగ్గరే చెప్పులు విడుస్తారు, పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినా, రేషన్ కార్డు సర్వేకు వచ్చినా. ఎల్లుండి ఊరంతా వస్తుంది, ఊరంతా విడుస్తుంది. మెట్ల ముందు నా గుర్తు కుప్పగా పడి ఉంటుంది. దాన్ని తొక్కకుండా లోపలికి పోయేవాడుండడు. ఎవరూ అంటించని పోస్టరు.

పోశానికి చెబితే, "బావా, నువ్వు మస్తు డేంజర్ మనిషివి" అన్నాడు. జీవితంలో నన్నెవరూ ఇలా మెచ్చుకోలేదు.

డిసెంబర్ 16

పొద్దున్నే ఎగబడి ఓటు వేయను. అందరూ వేశాక, చివర్లో వెళ్లి నిదానంగా వేస్తాను. అభ్యర్థికి ఆమాత్రం హుందాతనం ఉండాలి.

డిసెంబర్ 17, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. రేపు ఎవరూ నమ్మరు.

ఏడింటికి పోలింగ్ మొదలైంది, ఒంటిగంట దాకా. ఎనిమిది దాటేసరికి మెట్ల ముందు చెప్పుల కుప్ప నేను ఊహించినదానికంటే అందంగా తయారైంది. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, చిన్నపిల్లల పూల చెప్పులు. చూస్తూ నిలబడితే కడుపు నిండింది. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ పేజీ వేరేలా ఉండేది.

లోపల అమూల్య తరఫు ఏజెంటుగా ఆమె భర్త ప్రణయ్ కూర్చున్నాడు. అతని వేలికి ఉంగరం. పెళ్లిలో పెట్టింది, దున్నపోతు కన్నంత ఉంది. నియమాల పుస్తకం తీసి పోలింగ్ అధికారిణికి చూపించాను. పాపం, ఆమె ఎక్కడో టీచరు, రాత్రి బడిలోనే పడుకుంది.

"సార్, అది ఆయన పెళ్లి ఉంగరం" అంది.

"పుస్తకంలో పెళ్లి అనే మాట లేదు మేడం" అన్నాను.

ప్రణయ్ ఉంగరం తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను ఆగలేదు. నియమం అందరికీ ఒకటే అన్నాను. లైన్లో ఉన్నవాళ్లు కూడా ఉంగరాలు తీయాల్సి వచ్చింది. కొందరికి వచ్చాయి, కొందరికి సబ్బు తెప్పించారు. బుచ్చవ్వది సబ్బుకూ రాలేదు.

"మా ముసలోడు తొడిగిన ఉంగురం. ఆడు సచ్చిననాడు సుత తియ్యలే. నీ ఓటు కోసం తియ్యాల్నా?" అని అరిచింది. చివరికి వేలికి దస్తీ చుట్టుకుని ఓటు వేసింది. ఎవరికి వేసిందో నాకు ఊహించే పని లేకుండా నా కళ్లలోకి చూస్తూ లోపలికి పోయింది.

అప్పుడు ప్రణయ్ లేచాడు. "మేడం, గుర్తులు కనవడొద్దంటే మరి బయట గా కుప్ప ఏంది?"

ఆమె తలుపు దగ్గరికి వచ్చి చూసింది. "ఇవి ఎవరివి?"

"ఓటర్లవి" అన్నాను.

"ఇది ఎవరి గుర్తు?"

"నాది" అన్నాను, కొంచెం గర్వంగానే.

"పది నిమిషాల్లో వంద మీటర్ల అవతల ఉండాలి. పుస్తకంలో ఉంది కదా సార్."

పోశం, నేను, పత్తి బస్తాల్లోకి చెప్పులు ఎత్తాం. నాలుగు బస్తాలయ్యాయి. వంద మీటర్ల గీత అవతల నేల మీద పెడదామంటే పోశం ఒప్పుకోలేదు. "కోతులు ఎత్తుకపోతయి బావా." అక్కడ మా ఊరి రైతు సాయిచంద్ ట్రాక్టర్ పత్తి లోడుతో ఆగి ఉంది. ఓటు వేసొచ్చి జమ్మికుంట పోదామని అతను లైన్లో ఉన్నాడు. నాలుగు బస్తాలూ ఆ లోడు మీదికి విసిరాం. కోతులకు అందని చోటు దొరికిందని ఇద్దరం సంతోషించాం.

సాయిచంద్ ఓటేశాడు. గడియారం చూసుకున్నాడు. పత్తి అమ్మే స్లాటు టైము దాటిపోతోందట. వెనక్కి చూడకుండా ట్రాక్టర్ తోలుకుని పోయాడు.

ఓటేసి బయటికి వచ్చినవాళ్లకు చెప్పులు లేవు. బడి నుంచి ఊళ్లోకి రోడ్డు వేస్తామని కంకర పోసి రెండు ప్రభుత్వాలైంది. ఆ కంకర మీద మా ఊరి ఓటర్లు నిప్పుల గుండం తొక్కినట్టు నడుస్తుంటే, ఓటు వేయడానికి వస్తున్నవాళ్లు ఎదురై ఎందుకని అడుగుతున్నారు. బుచ్చవ్వ అందరికీ వివరంగా చెబుతోంది.

"సర్పంచ్ గాకముందే ఊరోళ్ల సెప్పులు ఎత్తుకపోయిండు. అయినంక ఏమేం ఎత్తుకపోతడో!"

నా ముప్పై ఏళ్ల ఉపన్యాసాలన్నీ కలిపినా ఆ ఒక్క వాక్యమంత దూరం పోలేదు.

ఇంకా సగం ఊరు ఓటు వేయాలి. చెప్పులు తెస్తే తప్ప నిలవను. పోశం బండి మీద జమ్మికుంటకు బయలుదేరాం. సాయిచంద్ ఫోన్ ఎత్తడు. మోకాళ్ల మాట ఆ ఒక్క గంటా మరిచిపోయాను.

మార్కెట్లో మేం చేరేసరికి సాయిచంద్ లోడు దించుతున్నారు. పత్తిలో తేమ ఎంతుందో చూసే అతను పై బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. చెప్పు బయటికి తీశాడు. మళ్లీ పెట్టి ఇంకొకటి తీశాడు. అది వేరే జత.

"గిదేం రకం పత్తి తాతా?"

"మా ఊరి ఓటర్లది" అన్నాను.

చుట్టూ ఉన్న రైతులు నవ్వారు. నవ్వని మనిషి నేనొక్కణ్నే. ఎనభై ఎనిమిదిలో బండ్లు నిలిపిన చోట ఇప్పుడు రేకుల షెడ్డు ఉంది. రామచంద్రం ఎక్కడ పడుకుని మాట ఇచ్చాడో ఆ జాగా గుర్తుపట్టాను. ఆ జాగాలో చెప్పుల బస్తా భుజాన వేసుకుని నిలబడ్డాను.

నాలుగు బస్తాలు బండి మీద రావు. ఆటో మాట్లాడుకుని ఊరు చేరేసరికి ఒంటిగంట దాటి పావుగంట. బడి గేటు మూసి ఉంది. చెప్పులు గేటు ముందు కుమ్మరించాను.

రెండింటికి లెక్కింపు మొదలైంది. ఒక్క ఓటుతో ఓడిపోయాను. మళ్లీ లెక్కపెట్టమన్నాను. మళ్లీ ఒక్క ఓటే.

డిసెంబర్ 18

ఒక్క ఓటు.

ఎవడా ఒక్కడు? పొద్దుటి నుంచి మనిషి మనిషినీ ముందు పెట్టుకుని చూస్తున్నాను. పోశం? పొద్దున్నే వేశాడు, సిరా చుక్క చూపించాడు. నాగవ్వ వేసింది. బుచ్చవ్వ సంగతి తెలిసిందే. సాయిచంద్ మీద అనుమానం ఉంది. వెనక్కి చూడకుండా పోయే మనిషి ఎవరికి వేస్తాడు? ఎవడో నా మనిషే, నాకు వేయాల్సినవాడే, వేయలేదు. ఇలాంటి ద్రోహుల వల్లనే రాజ్యాలు కూలాయి.

అన్నం పెడుతూ నాగవ్వ నా చేతి వంక చూసింది. నెయ్యి వేసింది. అడిగినా వేయదు మామూలుగా.

డిసెంబర్ 19

నిన్నటి నుంచి జనం మా వాకిట్లోకి వచ్చి చెప్పులు వెతుక్కుని పోతున్నారు. గేటు దగ్గర ఎవరివి వారికి దొరకక, మిగిలినవన్నీ పోశం తెచ్చి ఇక్కడ పోశాడు. ఒకరి ఎడమది, ఒకరి కుడిది. వచ్చినవాళ్లు నాకు నమస్కారం పెట్టి, కుప్ప ముందు కూర్చుని ఏరుకుంటున్నారు. గెలిస్తే కూడా ఇంతమంది మా ఇంటికి వచ్చేవాళ్లు కాదు.

మధ్యాహ్నం రామచంద్రం వచ్చాడు.

ముప్పై ఏళ్ల తర్వాత. చేతికర్ర పట్టుకుని, కాళ్లకు చెరో రకం చెప్పుతో.

"ఏందిరా సిద్దిగా, సెప్పుల దుకాణం పెట్టినవా?"

ఈ సందర్భం కోసం నేను ఎన్నో వాక్యాలు తయారు చేసి పెట్టుకున్నాను. ఒకటీ రాలేదు. "నీ సైజు లేదు పో" అన్నాను.

అతను కుప్ప పక్కన గద్దె మీద కూర్చుని కర్రతో కదుపుతూ వెతికాడు. వెతుకుతూనే అన్నాడు. "నీకే ఏసిన్రా ఓటు."

"కోడల్ని పెట్టుకుని నాకు ఏస్తవా?"

"మాటిచ్చిన గదా. జమ్మికుంటల."

"మాట తొంభై ఐదులనే మంటల కలిసింది."

"గప్పుడు సుత వచ్చిన్రా నీ తానికి, నాగవ్వ పేరు ఇద్దామని. నామినేషన్ల ఆఖరు రోజు. నువ్వు లైబ్రరీల తలుపేసి ఉపన్యాసమిస్తున్నవు. మహిళలు రాజకీయాలల్లకు రావాలని. బయట గంటసేపు నిలవడ్డ. తలుపు కొట్టిన. సప్పుడు చెయ్యకుర్రి అన్నవు. ఆపలే నువ్వు. టైం అయిపాయె, జమున పేరిచ్చిన."

అబద్ధం. నా ఉపన్యాసం ఏదీ అరగంట దాటదు.

లోపలి నుంచి నాగవ్వ గొంతు వచ్చింది. "ఇంటికొస్తే లైబ్రరీల ఉన్నడని నేనే తోలిచ్చిన."

"ముప్పై ఏండ్లు చెప్పకపోతివి?"

"నువ్వు అడగకపోతివి."

రామచంద్రానికి చెప్పు దొరికింది. తొడుక్కోవడానికి నా చెయ్యి పట్టుకుని లేచాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఎండలోకి తిప్పి వేళ్లు ఒక్కొక్కటే చూశాడు.

"సిరా సుక్కేదిరా?"

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఒరేయ్, నీ ఓటు నువ్వే ఏసుకోలేదారా?"

నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు, దగ్గాక మళ్లీ నవ్వాడు. నాగవ్వ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె మొహం కొంగుతో కప్పుకుని ఉంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

డిసెంబర్ 22

అమూల్య ప్రమాణం చేసింది. పోయాను. పోకపోతే ఓర్వలేదంటారు. పెయింటరు బోర్డు మీద పేరు రాస్తున్నాడు. అడుగున ఉన్న ఖాళీ నిండిపోయింది. కింద రాయాలంటే ఇక కొత్త బోర్డే. వేదిక మీద ఆమె గ్రంథాలయం తెరిపిస్తానంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగింది. ఊరంతా నా వంక చూసింది. ఆమె మాట్లాడుతుండగా పంచాయతీ ఆఫీసు మీది నుంచి కోతి దిగి పూలదండ ఎత్తుకుపోయింది. చప్పట్లు కొట్టాను.

ఇంటికి వచ్చి ప్రశాంతంగా ఆలోచించాను. నేను ఓటు వేసుంటే సమానమయ్యేది, చీటీ తీసేవాళ్లు. చీటీల్లో నాకెప్పుడూ రాదు. కాబట్టి నా ఓటు వల్ల పెద్దగా తేడా లేదు. ఇది ఒక లెక్క.

ఇంకో లెక్క ఉంది. అసలైనది అదే. ఆ మనిషి బుద్ధిగా కోడలికే ఓటు వేసుకుని ఉంటే నేను మూడు ఓట్లతో ఓడిపోయేవాణ్ని. మూడంటే ఊరు మొత్తం దోషి. కంకర దోషి, కోతులు దోషి, సాయిచంద్ దోషి. ఏ మొహమాటం లేకుండా అందరినీ తిట్టుకుంటూ బతికేవాణ్ని. మాట తప్పడం ముప్పై ఏళ్లుగా అలవాటైనవాడు, సరిగ్గా ఈ ఒక్క రోజే మాట నిలబెట్టుకుని, తేడాను ఒక్క ఓటుకు తెచ్చి, ఆ ఒక్క ఓటును నా వేలి మీద పెట్టి పోయాడు. ఇప్పుడు ఊళ్లో పిల్లలు కూడా ఎదురుపడితే ముందు నా వేలు చూస్తున్నారు.

రేపు పొద్దున చాయ్‌కు రమ్మని కబురు పంపాడు. పోతాను, మొహం మీదే అడుగుతాను. దీనికంతటికీ కారణం ఎవరంటే నేను ఇప్పటికీ ఒక్క పేరే చెబుతాను: రామచంద్రం.